వంటశాల గోడా, అదెలీనో మేస్త్రీ

అధ్యక్షులు టెల్మో గారికి, ఫాదర్ అన్సెల్మో గారికి, ఊరి పెద్దలకు, నాతో పనిచేసిన మిత్రులకు, పొద్దుటి నుంచి మనందరికీ సూప్ కాచి ఇప్పుడే చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్న బెల్మీరా గారికి నమస్కారాలు.

ఆమె భర్త, మన తాపీమేస్త్రీ అదెలీనో గారు ఇవాళ పని విరమిస్తున్నారు. పదకొండేళ్ల క్రితం ఈ మఠాన్ని అతిథిగృహంగా మార్చే పని మీద నేను లిస్బన్ నుంచి వచ్చినప్పుడు, ఇప్పుడు మనం కూర్చున్న ఈ భోజనశాలకు కప్పు లేదు. సన్యాసులు భోంచేసిన చోట ముళ్లపొదలు, వాటి మధ్య టెల్మో గారి నాన్నగారి మేకలు. (నవ్వులు) కాదనకండి, టెల్మో గారూ, నేనే తోలాను.

నా నక్షాలో ఈ వెనక గోడ లేదు. అది తీసేస్తే వంటశాల, భోజనశాల కలిసిపోయి విశాలంగా ఉంటుందని నా ముచ్చట. మేస్త్రీ గారు గోడకు చెవి ఆనించి, చేత్తో తట్టి, తీయనన్నారు. నేను గట్టిగా అడిగితే, "ఆర్కిటెక్టమ్మా, గంటగోపురం బరువంతా దీని మీదే ఉంది. మీ కాగితానికి బరువు తెలీదు" అన్నారు. పనివాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన గోడలో అప్పటికే ఉన్న పగులుకు అడ్డంగా ఓ సన్నటి గాజుపలక అతికించి, గోడ కదిలితే అది పగులుతుందని, వారం ఆగమని అన్నారు. నేను ఆగలేదు. ఆయన్ని మార్చి వేరే మేస్త్రీని పంపమని ఆ సాయంత్రమే పైఅధికారులకు ఉత్తరం రాశాను. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మన మిన్యో ప్రాంతపు వాన మీకు తెలుసు. నాలుగు రోజులు కురిసింది. ఐదో రోజు వచ్చి చూస్తే గాజు రెండు ముక్కలై ఉంది. నా మాట నెగ్గి ఉంటే ఆ పాటికి గోడ కింద ఇద్దరు మనుషులు గునపాలతో ఉండేవారు. ఆ ఇద్దరూ ఇవాళ మూడో వరుసలో కూర్చున్నారు.



నేను ఉత్తరం వెనక్కి తీసుకొని, నక్షా మార్చి, క్షమాపణ చెబుదామని వెళ్లాను. ఆయన సున్నం కలుపుతున్నారు. నేను నోరు తెరిచేలోపే, "ఉత్తరం సంగతి నాకు తెలుసమ్మా. కాస్త పక్కకు జరగండి, సున్నం ఆరిపోతోంది" అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఇవాళ ఆయన చేతిలో తాపీ లేదు, నన్ను పక్కకు జరగమనడానికి పనీ లేదు. అందుకే అందరి ఎదుటా చెబుతున్నాను: మేస్త్రీ గారూ, నన్ను క్షమించండి. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.