బెల్లం మొక్కు

పలమనేరు దారిలోని ఒక వెంకన్న గుడి. తులాభారం త్రాసు ముందు భారతమ్మ, ఆమె కోడలు స్రవంతి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన గిరి, భారతమ్మ చిన్నకొడుకు, ముప్పై ఏళ్లవాడు, అరుగు మీద ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"కాపురానికి వచ్చిన కాడ్నుంచీ నాకొక అనుమానం అత్తా. ఈ మొక్కు తీర్చాలని నీకు నిజంగా ఉండాదా?"

"గుళ్ళో నిలబడి అడిగే మాటేనా మే అది?"

"గుళ్ళో అయితే అబద్ధం చెప్పవని. గిరి నడిస్తే వాని తూకానికి బెల్లం ఇస్తానన్నావు. వాడు నడిచి ఎన్నేండ్లాయ?"

"ఈ పొద్దు వద్దులే. బెల్లం నల్లగా ఉండాది."

"నల్లదే మంచిదని నిన్న నువ్వే కొనిపిచ్చినావు."

"అష్టమి గదా!"

"దశమి. క్యాలెండర్ చూసే ఆటో మాట్లాడినా."

"అన్నీ నీకే తెలుసు, మహారాణికి!"

"నాకు తెలిసింది డాక్టరమ్మ చెప్పిందే. థైరాయిడ్ ఉండాది, షుగర్ వచ్చింది. ఇట్లాంటి బిడ్డలకు ఒళ్ళు తొందరగా వస్తాది, తగ్గించకపోతే గుండె మీదికొస్తాదని..."

"దిష్టి పెట్టబాకు. గురక పెట్టి హాయిగా నిద్రపోతా ఉండాడు."

"హాయిగానా? గురక మధ్యలో ఊపిరి ఆగిపోతే నీ పెద్దకొడుకు లేపి కూచోబెడతా ఉండాడు! నేను సంగటి కొలిచి పెడతా. నువ్వు కొంగు చాటున మైసూరుపాకు పెడతావు. అడిగితే, మొక్కు తీరేదాకా తూకం తగ్గకూడదంటావు."

"తగ్గకూడదు మరి! దేవుని సొమ్ములో కోత పెట్టేది నా చేత కాదు."

"అందుకే పిల్చుకొచ్చినా. ఉన్న తూకం ఇచ్చెయ్. రేపట్నుంచి ఆ సాకు ఉండదు."

"వాన్ని ఎండబెట్టి సంపాలని సూస్తా ఉండావు నువ్వు."

"నేనా? నేనా అత్తా?"

"వదినా, అరవద్దు."

"లేదు గిరీ, నువ్వు నీళ్ళు తాగు. చెప్పత్తా, ఏంది నీ భయం?"

"నాకేం భయం!"

"మళ్ళా అను ఆ మాట, దేవుని తట్టు చూసి."

"వాడు పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఏమన్నారో తెలుసా నీకు? రెండేండ్లు బతికితే గొప్పన్నారు. మొక్కుకున్నా. బతికినాడు, నడిచినాడు. నేను బాకీ ఉండా గాబట్టే ఆయన వాన్ని ఉంచినాడు. తీర్చేస్తే, ఇంక ఉంచాల్సిన పని ఆయనకేముండాదే?"

"దేవుడు అట్లాంటోడా అత్తా? వడ్డీ వ్యాపారి మాదిరి?"

"నాకేం తెలుసు! తెలీకనే గదా ఇన్నేండ్లూ..."

"సరే. ఇది తీర్చేసి ఇంకోటి మొక్కుకో. గిరి ఎంత తగ్గితే అంత బెల్లం. కిలో తగ్గితే కిలో."

"దేవునితో బేరమా మే?"

"ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేంది?"

"అమ్మా, నేను ఎక్కేసినా! ఊగతా ఉండాది, పట్టుకో!"

"పట్టుకున్నా నాయనా, కదలబాకు. స్రవంతీ, సూస్తా నిలబడినావేంది? ఆ పక్క బెల్లం పెట్టు. ఇంకా పెట్టు... ఆఁ, సరిపాయ. గోవిందా!"

"కొత్త మొక్కు చెప్పుకో అత్తా."

"నేను మొక్కను. నువ్వు మొక్కు. నేను పోయినాక గూడా, వీని కోసరం ఆయనకు బాకీ పడినోళ్ళు ఒకరు ఉండాల గదా."