బంపరు మీద వెండిరంగు

అంబత్తూరులో చంద్రు లేత్ షెడ్డు. చనిపోయిన అన్న అంబాసిడర్ కారు ముందు చంద్రు, టీచరైన వదిన సంయుక్త.

"ఆ బ్లేడు కింద పెట్టు చంద్రూ."

"గీకితే టక్కని వచ్చేస్తాది వదినా."

"రంగుతో పాటు క్రోమూ వస్తుంది. థిన్నర్ గుడ్డ పరిచి ఉంచు. నానాక చెక్క స్కేలుతో మెల్లగా తోస్తాను."

"పిల్లకాయల్ని కొట్టే స్కేలా?"

"గీతలు గీసేది. థిన్నర్ బాడీ రంగు మీద పడనీకు. ఛీ..."

"ఏమయింది?"

"చీములా వస్తోంది. నిక్షేపంగా మెరిసే క్రోముకి, గేట్లకు వేసే వెండిరంగు ఎవరైనా పూస్తారా?"

"పోయినేడు ఆయుధపూజకి షెడ్డులో అన్నిటికీ పెయింటు కొట్నాం కద. మిషన్లకి, గేటుకి, తలుపులకి..."

"ఆ ఊపులో దీనికీ కొట్టావు."

"అట్లే అనుకో."

"అనుకోవడమేమిటి? చూడు, బ్రష్షు వెంట్రుకలు. ఇదిగో, దోమ. నంబరు ప్లేటు మీదికీ, దీపం అద్దం మీదికీ ఎక్కించావు. ఇక్కడ చీమిడి కారినట్టు కారింది. మా ఒకటో తరగతి పిల్లలు నయం."

"సరే, తిట్టు."

"తిట్టడం లేదు. అసహ్యంగా ఉంది. మీ అన్న దీన్ని మాసిన గుడ్డతో ముట్టుకోనిచ్చేవారా? సంవత్సరీకం అయింది, ఆయన ఉంచుకున్నట్టే ఇంటికి తీసుకుపోదామని వచ్చాను. వస్తే ఇది. శవానికి పౌడరు రాసినట్టు."

"అట్ల అనొద్దు వదినా."

"మరేమనాలి? క్లచ్ పాడయిందని, నిన్ను నమ్మి ఇక్కడ వదిలారు. పక్కకు జరుగు, ఆ మూల కూడా నాననీ."

"ఆ మూల వదిలేయ్. ఇంత తీస్తివి కద, చాలు."

"ఎందుకు వదలాలి?"

"ఉండనీలే."

"చెయ్యి తియ్ చంద్రూ. ఇంత పాడుపని చేసి, గుర్తుకు కాస్త దాచుకుంటావా?"

"నేను చెయ్యలే."

"ఇందాకే ఒప్పుకున్నావు."

"ఒప్పుకోలే. నువ్వన్నావు, నేను ఊరుకున్నా."

"అయితే ఎవరు? నీ పనివాడు గోవిందనా?"

"కాదు."

"పేరు చెప్పు."

"అన్న."

"అబద్ధం. ఆయన చేతిపని నాకు తెలియదా?"

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. క్లచ్‌కి ఏమీ కాలే వదినా. ఇంక నడపలేననే కారు ఈడ పెట్నాడు. ఆయుధపూజకి ముందు బస్సెక్కి వచ్చి, ఈడ్నే కూచుని, తడుముకుంటా పూసినాడు."

"తడుముకుంటూనా? ఎందుకు?"

"చివర్లో అన్న పేపరు తనే చదివేవాడా?"

"నన్ను చదవమనేవారు. నా గొంతు వింటుంటే బాగుంటుందని."

"క్రోమంతా నల్లబడిపోయిందిరా చంద్రూ, అన్నాడు. అప్పుడది అద్దం మాదిరి మెరుస్తా ఉండె."