సగం తల నలుపు

శుక్రవారం పొద్దున, ఖతర్‌లోని బర్వా అల్ బరాహా కూలీల క్యాంపు గదిలో, ముసలి మేస్త్రీ తలకు మేనల్లుడు ఎప్పటిలాగే నల్లరంగు పూస్తున్నాడు. సగం తల నల్లబడ్డాక మేస్త్రీ నోరు విప్పాడు.

“నాకు అరవై దాటినయని ఫోర్‌మన్‌కు ఎవలు చెప్పిండ్రు అల్లుడా?”

“నాకేమెరుక మామా.”

“పాస్‌పోర్టుల నాకు యాభైయే. నా తెల్ల ఎంటికలు చూసినోనివి ఈ క్యాంపుల నువ్వొక్కనివే.”

మేనల్లుడి చేతిలో బ్రష్ ఆగిపోయింది.

“మొన్న స్కాఫోల్డింగ్ మీద నీ కాళ్లు గజగజ వణికినయి. నువ్వు పడితే అత్తకు నేనేం మొఖం చూపియ్యాలె?”

“ఆ ముచ్చట నాకు చెప్పద్దా? పోయి వాని చెవుల ఏస్తవా?”

“నీకెన్నిసార్లు చెప్పలేదు! ఇంకింత రంగు పుయ్యిరా అంటివి.”

మేస్త్రీ తల తిప్పి మేనల్లుడి వైపు చూశాడు. మొదటిరోజు వీడి నడుముకు సేఫ్టీ బెల్టు బిగించింది తన చేతులే.

“రేపటి సంది ఫోర్‌మన్ నన్ను ఎక్కద్దన్నడు. నా జాగల ఎవలు ఎక్కుతరు?”

మేనల్లుడు బ్రష్‌ను రంగు గిన్నెలో పెట్టాడు.

“నన్నే ఎక్కుమన్నడు మామా.”

మేస్త్రీ మెడ మీది తువ్వాలు తీసేసి లేచాడు.

“కూసో మామా, తక్కిన సగం పూస్త.”

“వద్దు. మిగిలిన రంగు నువ్వే దాచుకో. నీకూ అక్కరొస్తది. పూసేటోణ్ని మాత్రం చూసి పెట్టుకో.”