సభకు మామయ్య ఎందుకు ఆలస్యంగా వచ్చారంటే

అధ్యక్షులు మేనేజర్ వీర్రాజు గారికి, యూనియన్ పెద్దలకు, మా మామయ్యతో ఇన్నేళ్లు బొగ్గుబాయిలోకి దిగిన అన్నలకు, కాకలకు, ముందు వరుసలో కూర్చున్న మా కాలనీ అక్కలకు నమస్కారం. నేను లింగమూర్తి గారి కోడలిని, పేరు మమత. ఏడో తరగతి దాకా చదివాను. మైకు పట్టుకోవడం ఇదే మొదలు. చేతులు వణికితే అది భయమే, ఫిట్స్ కాదు, ఎవరూ లేవకండి. (నవ్వులు)

ఇందాక మీరంతా వచ్చి కూర్చున్నా సన్మానం అందుకోవలసిన మనిషి రాలేదు. రిటైరవుతున్నందుకు దిగులుపడి ఇంట్లో కూర్చున్నారని ఎవరో అన్నారట. అది కాదు. నా మందుగోలీల డబ్బా దొరకలేదని ఆయన గడప దాటలేదు. ఆ సంగతి చెప్పడానికే నేను మైకు అడిగాను.

నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మా నాన్న దాచలేదు, చెప్పే పెళ్లి చేశాడు. ఒక మందుతో ఆగకపోతే కరీంనగర్ డాక్టరు గారు దానికి తోడు క్లోబజామ్ అనే గోలీ కలిపారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మెల్లగా తగ్గాయి, ఏడాదిగా ఒక్కసారి కూడా రాలేదు. కానీ అది నిద్రగోలీల జాతిదేనని మందుల షాపులో ఎవరో అన్న మాట నాకంటే ముందే మా క్వార్టర్ల లైనుకు చేరింది. నైట్ షిఫ్టు దిగి, ఈ ఎండల్లో పగలు నిద్ర పట్టక అల్లాడేవాళ్లంతా మా తలుపు కొట్టడం మొదలుపెట్టారు. మొగిలన్నా, తల దించుకోకు, నువ్వొక్కడివే కాదు. (నవ్వులు)

ఒకనాడు మామయ్యే అడిగారు. డ్యూటీ దిగి, దారిలో కొంచెం తాగి వచ్చారు. మామయ్యా, దాచకుండా చెప్పమని మీరే అన్నారు. (నవ్వులు)

"బిడ్డా, కన్ను మూతపడ్తలేదు. నీ నిద్రగోలి ఒకటియ్యి."

అప్పటికి ఆయన ఎదుట నిలబడి నేను రెండు మాటలు కూడా మాట్లాడి ఎరగను.

"ఇయ్య మామయ్యా."

మా అత్తమ్మ కనకవ్వ గారు వంటింట్లోంచి ఉరికి వచ్చారు. "ఏందే, ఇంటి పెద్ద అడిగితే ఇయ్యవా? బంగారమా గది?"

"తాగి మింగితే మత్తుల ఊపిరి ఆగుతదని డాక్టర్ సారు చెప్పిండు అత్తమ్మా. నాకొకటి తక్కువైతే నాకు ఫిట్స్ వస్తయ్. ఇయ్య."

మామయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత నేను డాక్టరు దగ్గరికి బయలుదేరితే, "నేనొస్త, అసలు సంగతేందో అడుగుత" అని వెంట వచ్చారు. "సారూ, ఇది నిద్రకా, ఫిట్స్‌కా?" అని అడిగారు. డాక్టరు గారు, "ఆమెకైతే ఫిట్స్‌కు. నీకైతే దేనికీ కాదు" అన్నారు. (నవ్వులు)

ఆ రోజు ఆయన ఓపికగా అన్నీ చెప్పారు. వేళ తప్పకుండా వేసుకోవాలి. పగలు మరీ మత్తుగా ఉన్నా, నడక తూలినా వచ్చి చెప్పాలి. దగ్గుకో నొప్పికో వేరే మందు తీసుకునేముందు ఈ గోలీ వాడుతున్నానని చెప్పి అడగాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బాగైందని ఒక్కసారిగా మానకూడదు. మానితే ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తిరిగి వచ్చాక మొగిలన్న గుమ్మంలోకి వస్తే మామయ్యే ఎదురెళ్లారు. "నా కండ్లద్దాలు పెట్టుకుంటే నీకు కనవడ్తదారా? పో, నిద్ర పట్టకుంటె దవాఖానకు పో."

ఇక ఈ పొద్దున సంగతి. పెద్దపల్లి నుంచి వచ్చిన మా పెద్దత్త ఐలవ్వ గారు నా డబ్బా తీసి ఎక్కడో పెట్టారు. "ఏడాదాయె, ఫిట్స్ లేవు గద. ఇంక మింగుడెందుకు? కడుపు పండాలె గని." కొత్త పంచె కట్టుకున్న మామయ్య అరుగు మీద కూర్చుండిపోయారు.

"వదినా, డబ్బా తే. తెచ్చేదాక నేను లేవ."

"జీపొచ్చింది మరిదీ! మేనేజర్ సారు కూసున్నడట!"

"కూసోనియ్యి. బాయిల కప్పు కింద దుంగలు నిలబెట్టినోణ్ణి నేను. దుంగ తీసుడు గూడ ఉంటది, మా పని చూసే సర్దార్ దగ్గరుండి చూస్తుండంగ ఒక్కొక్కటి తీస్తం. చెప్పకుంట గుంజితే ఏమైతదో నేను చూసిన."

ఆ మాటతో బియ్యం డబ్బా వెనకనుంచి నా గోలీలు బయటికి వచ్చాయి. (నవ్వులు, చప్పట్లు)

మామయ్యా, "ఇయ్య" అన్న కోడలిని మీరు పుట్టింటికి పంపలేదు. నేను చెప్పింది నిజమో కాదో తెలుసుకోవడానికి నా వెంట వచ్చారు. ఈ కండువా మీకు అందుకే కప్పుతున్నాను.

పెద్దత్తా, మీరు కళ్లు తుడుచుకుంటున్నారు. మీ మీద నాకు కోపం లేదు. బిడ్డను ఎత్తుకోవాలని మీకెంత ఉందో, నాకంతకంటే ఎక్కువుంది. అందుకే కడుపు పండకముందే, ఏ మందు ఉంచాలో, ఏది ఎట్లా తగ్గించాలో అడగడానికి సోమవారం నేనూ మా ఆయన ఉపేందరూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మీరూ రండి. మీ అనుమానాలు మీ నోటితోనే అడగండి. ఆయన తగ్గించమంటే ఆయన చెప్పినట్టు తగ్గిస్తాను. అప్పటిదాకా, ఎవరు బాధపడినా సరే, ఒక్క పూట కూడా మానను.

నన్ను మాట్లాడనిచ్చిన పెద్దలకు, ఓపికగా విన్న మీ అందరికీ దండాలు. పెద్దత్తా, సోమవారం పొద్దున బస్సులో మీకూ సీటు ఆపుతాను. సెలవు.