మిషనక్క మొగుడు

మిషనక్క గురించా? ఆ పేరు నీ చెవినెవరేశారే? సరే, కూర్చో. కాళ్ళు చాపుకో, పర్లేదు. నేను ఆ ఊరికి కాపురానికెళ్ళేసరికే ఆవిడ మొగుడు లేడు. పోయాడని కాదు, లేడు. అడిగితే, "ఎటో వెళ్ళిపోయాడమ్మా, కాలు నిలవని మనిషి" అనేవారు. ఎవర్నడిగినా అదే మాట, అచ్చుగుద్దినట్టు. అదే నాకు వింతగా ఉండేది. ఎక్కడైనా మొగుడు పారిపోతే పది కథలు పుడతాయి కదే, ఎవత్తెతోనో పోయాడనో, పెళ్ళాం నోరు పడలేక పోయాడనో. అక్కడ ఒక్కటీ పుట్టలేదు. ఊరంటే ఎంతని, రాళ్ళ క్వారీ, దాని చుట్టూ నాలుగు వీధులు. మగాళ్ళందరికీ ఆ రాళ్ళే కూడు. ఆయనా అందులోనే చేసేవాడు.

మాది పక్క వాటా, మధ్యలో ఒక్క గోడ. తెల్లారిందంటే ఆవిడ కుట్టుమిషను చప్పుడే. అందుకే ఆ పేరు. మంచి మనిషి, నవ్వించేది కూడాను. "నీ మొగుడి చొక్కాకి గుండీలు కుట్టలేక చస్తున్నా, ఆ పొట్టకి కాస్త కళ్ళెం వెయ్యవే" అనేది. ఆయనొస్తాడనే ఎదురుచూసేది పాపం. ఊరివాళ్ళూ ఆ ఆశ ఆరనిచ్చేవారు కాదు. ఒకడు బస్టాండులో చూశానంటాడు, ఇంకొకావిడ మా తమ్ముడికి కలప డిపోలో కనబడ్డాడంటుంది. జాలితోనే అనుకో. జాలి కూడా ఒక్కోసారి... ఆఁ, ఎక్కడున్నాను? ఒకరోజు లారీ నడిపేవాడొచ్చాడు. నేనక్కడే కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నా. "కనబడ్డాడక్కా, నువ్వు కుట్టిన నీలం చొక్కాయే వేసుకున్నాడు, నిన్నడిగాడు" అన్నాడు. "ఆహా, బాగున్నాడా" అందావిడ. వాడు గుమ్మం దాటగానే లేచి, పెట్టె తెరిచి, ఆ నీలం చొక్కా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఏడవలేదే ఆవిడ, వీధికెక్కలేదు. అప్పట్నుంచీ కొలతలకొచ్చిన ప్రతి మగాడి మెడకీ టేపు చుట్టి, కొసలు రెండూ పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ "మా ఆయనేడీ?" అనేది. గొంతు పెంచేది కాదు. ఒకడు దగ్గేవాడు, ఒకడు "వస్తాడులే అక్కా" అని నేల చూపులు చూసేవాడు. పోనుపోనూ చొక్కాలు కుట్టించుకోడమే మానేశారు. ఊరు ఊరంతా చిరుగులతో తిరిగింది. మా అత్తగారు నాతో, "ఆ గుమ్మం తొక్కకు" అంది. "ఎందుకత్తయ్యా?" అంటే, "మనింట్లో పొయ్యి వెలగాలి కనక" అంది.

ఆఖరికి క్వారీ మేస్త్రీ వచ్చాడు. కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు, చొక్కా తప్పదు. గోడకివతల నాకన్నీ వినబడుతున్నాయి. "మా ఆయనేడీ, బాబాయ్?" అంది. "పడమటి గట్టు కిందమ్మా" అన్నాడు. "చరియ విరిగి మీద పడింది. ఆ బండ లేపాలంటే పట్నం నుంచి క్రేను రావాలి. క్రేనొస్తే వెనకాలే పైవాళ్ళొస్తారు, క్వారీ మూసేస్తారు. పిల్లలుగలవాళ్ళం." "పడగానే పోయాడా?" అందావిడ. అంతటి మనిషీ భోరుమని ఏడ్చాడు. "పిలిచాడమ్మా. పొద్దుగూకేదాకా మమ్మల్ని పేరుపేరునా పిలిచాడు."

మర్నాడు వెళ్ళి ఆ బండమీద కూర్చుంది. ఇంక మందుగుండు ఎలా పెడతారు? "నన్నూ కలిపే పేల్చండి" అంది. పని ఆగిపోయింది. ఇళ్ళలో గిన్నెలు బోర్లించుకున్నాం. ఎవరూ ఆవిడ్ని పల్లెత్తు మాట అనలేకపోయారు, ఏ మొహం పెట్టుకుని అంటారు? చివరికి మేస్త్రీయే గడ్డపార పట్టుకుని వెళ్ళాడు. వెనకాల ఒకరూ, ఇద్దరూ, అందరూ. రాళ్ళు కొట్టి బతికేవాళ్ళే కదా, చీలికలు చేసి, దొర్లించి, దారి చేశారు. మధ్యాహ్నానికల్లా ఆయన్ని తీశారు. తీసినదేముందిలే, ఎముకలు. ఆవిడ ఆ చీలికల్ని చూసింది, గడ్డపారల్ని చూసింది. "అంటే, మీ చేతులతోనే వచ్చేదన్నమాట" అంది.

అదే ఆ ఊరితో ఆవిడ ఆఖరి మాట. ఆయన్ని మట్టి చేసి, మిషను నా గుమ్మంలో పెట్టేసి బస్సెక్కింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఏంటే? ఆ పిలిచిన పేర్లలో మీ తాత పేరా?

చలిగాలి కొడుతోంది. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి, తల్లీ.