రెండు వైపులా ఒకటే

ఈ గడ్డిని చూడు, పీకిన చోటే మళ్ళీ మొలుస్తోంది. పోయిన వారమే గదా వచ్చి శుభ్రం చేసి వెళ్ళాను. చుట్టూ అందరి సమాధులూ నున్నగా ఉన్నాయి, నీదొక్కటే ఇలా. బతికున్నప్పుడూ అంతే. గడ్డం గీయించుకోమంటే ఏనాడు విన్నావు?

కాస్త జరుగు, ఈ మూల పీకుతాను. జరుగుతావట. నాకే ఇంకా అలవాటు పోలేదు.

ఉపవాసాల నెలకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఊరు ఊరంతా చీపుళ్ళు పట్టుకుని ఇక్కడికే వస్తోంది. అపెం అట్లు పోసి తెచ్చాను. నీకిష్టమని అంచులు కొంచెం మాడనిచ్చాను. నీ పేరు చెప్పి పదిమందికీ పంచుతానులే. అది సరే. ఇవాళ నేను వచ్చింది గడ్డి కోసమూ కాదు, అట్ల కోసమూ కాదు. ఏం చెయ్యాలో తోచక వచ్చాను.

నీ మనవరాలి మోకాలు వాచిందయ్యా.

కుడి మోకాలు. వెనింగ్‌ది ఆసుపత్రి మందుల గదిలో రోజంతా నిలబడే ఉద్యోగం గదా. పొద్దున పదిహేడు కిలోమీటర్లు జోగ్జా పట్నానికి, సాయంత్రం పదిహేడు వెనక్కి. అంతా నువ్వు చేసిన సైకిలు మీదే. ఇంటికొచ్చి మెట్టు మీద కూర్చుని, అల్లం దంచి మోకాలికి కట్టు కట్టుకుంటుంది. "ఏమైందే?" అంటే, "ఏం లేదవ్వా, నాకే తొక్కడం చేతకావట్లేదు" అంటుంది.

విన్నావా? ఏడేళ్ళప్పటి నుంచీ తొక్కుతున్న పిల్ల.

అది చెయ్యని ప్రయత్నం లేదు. సీటు పైకి లేపింది. రెండు రోజులు తొక్కి మళ్ళీ దించింది. ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది. హ్యాండిలు గొట్టం పొట్టిది వేయించింది. టైర్లు కొంచెం లావువి వేసుకుంది. పెడళ్ళు మార్చింది. కుడి బూటులో అట్టముక్క పెట్టుకుని కూడా కొన్నాళ్ళు తొక్కింది. చక్రాలంటావా, అవి నువ్వు పోయాక అదే అల్లుకుంది. ముప్పై ఆరు పుల్లలు ఒక్కొక్కటే మీటి, చెవి పెట్టి విని, నువ్వు నేర్పినట్టే రిమ్ముకి బెండు తీసింది. వెనక చక్రం మాత్రం బ్రేకు రబ్బరుకి ఒక పక్కే రాసుకుంటోంది. తన అల్లికే తప్పనుకుని నాలుగుసార్లు విప్పి అల్లింది పాపం. నాలుగోసారి వేళ్ళు పుండ్లు పడ్డాయి.

అన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటుంది. నేను చూశాను. చూడకూడదు, తెలుసు. కానీ చదవడం వచ్చాక కంటబడిన అక్షరాన్ని వదలడం ఎలాగో నాకింకా రాలేదు. "సీటు మూడు గీతలు తగ్గించాను. బండి ఇంకా ఎడమకి లాగుతోంది. బహుశా నా నడుమే వంకరేమో" అని రాసుకుంది.

ఇరవై మూడేళ్ళ పిల్ల. నడుము వంకరట.

నీ దగ్గర పని నేర్చుకున్న గియోనో లేడూ, ఇప్పుడు సంతవీధిలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. పోయిన మంగళవారం బ్రేకు తీగ మార్పించుకోడానికి వాడి దగ్గరికి వెళ్ళిందట. వాడు తీగ మార్చి, బండిని వీధిలో ఒక చుట్టు తొక్కుతూ రెండు చేతులూ వదిలాడు. బండి వెళ్ళి వెళ్ళి ఎడమ పక్కన మిరపకాయలమ్మే ఆవిడ బుట్ట మీదికి పోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ బుట్టే. "ఒరే గియోనో, మిరపకాయలు కావాలంటే నోటితో అడుగు, సైకిలుతో అడగకు" అందట ఆవిడ.

వెనింగ్ నవ్విందట గానీ వాడు నవ్వలేదు. దారం తీశాడు. ఒక కొస వెనక చక్రం బిగించే చోట కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండో పక్క కట్టాడు. నీ పద్ధతే గదా. మధ్యలో సీటు గొట్టానికీ దారానికీ ఉన్న సందు ఇటూ అటూ ఒకేలా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. వాడు కొలవబోతే ఇది చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, ఇది తాత చేసిన ఫ్రేము."

"నాకు చెబుతావేమే, నేనూ ఆయన చేతి కిందే తిట్లు తిన్నాను. కొలిస్తే పోయేదేముంది?"

"కొలవకుండా తాత ఇస్తాడా? దారం తీసెయ్."

తీసేశాడు. ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు, ఇంకా నీ పేరు చెబితే వాడికి భయమే.

వాడే నిన్న ఇంటికొచ్చాడు, ఇది పనికి వెళ్ళిన సమయం చూసుకుని. "అమ్మా, కొలవక్కర్లేదు, నా కంటికే తెలుస్తోంది. వెనక భాగం ఒక పక్కకి పోయింది. బండి ఎడమకి లాగుతుంటే ఈ పిల్ల రోజూ ముప్పై నాలుగు కిలోమీటర్లూ ఒళ్ళు మెలిపెట్టి కుడికి లాక్కుంటోంది. మోకాలు వాయదా మరి? అరగంట పని. ఉక్కు గదా, చల్లగా ఉండగానే పట్టి వంచితే మాట వింటుంది. కానీ దాని ఒప్పుదల లేకుండా ఆ ఫ్రేము మీద నేను చెయ్యి వెయ్యను. మీరు చెబితే వింటుంది" అన్నాడు.

టీ సగం తాగి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "చదును రోడ్డు మీదయితే మోకాలితో పోతుంది. ఆ పచితాన్ దిగుడు మీద, రెండు వైపులా సంచులు వేసుకుని... నేనేం చెప్పలేనమ్మా."

అవును, రేపు తెల్లారేసరికి అది పచితాన్ బయల్దేరుతోంది. ఇంకో ఆరుగురితో కలిసి. నూరు కిలోమీటర్లపైనే, ఆ సున్నపురాతి కొండలెక్కి, దిగి, సముద్రం దాకా. నీ మాటే గదా పట్టుకుంది. "రోజూ పనికి పోతే బండి సంగతి ఏం తెలుస్తుందే, పచితాన్ వెళ్ళి రా, కొండ దిగేటప్పుడు అది నీతో మాట్లాడుతుంది" అనేవాడివి. ఏం మాట్లాడుతుందో నాకు తెలుసు. అదే నా భయం.

నేను చెబితే వింటుందట. ఏమని చెప్పను?

దానికి ఉద్యోగం వచ్చిన రోజునే ఈ బండి మొదలుపెట్టావు నువ్వు. గుర్తుందా? కాలి పొడవు కొలవాలి, కాళ్ళ మధ్య పెట్టుకోడానికి గట్టి పుస్తకం కావాలన్నావు. ఇంట్లో ఉన్న పుస్తకం ఒక్కటే, నా అక్షరాల పుస్తకం. "అది నా చదువయ్యా, దాన్ని అక్కడా పెట్టేది?" అన్నాను. "నీ చదువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది" అన్నావు. పిల్ల గోడకి ఆనుకుని నిలబడి పుస్తకం పట్టుకుంది, నువ్వు గోడ మీద గీత గీశావు. ముగ్గురం నవ్వాం. నువ్వు నవ్వి, తర్వాత చాలాసేపు దగ్గావు.

ఆ గీత ఇంకా ఉంది. సున్నం వేయించేటప్పుడు అక్కడ వెయ్యనివ్వలేదు.

డాక్టరు మంట దగ్గరికి పోవద్దన్నాడు. నలభై ఏళ్ళ పొగ ఊపిరితిత్తుల్లో కూర్చుందన్నాడు. "ఇదొక్కటే" అన్నావు. సంత రోజులు అయిదింటిలో నువ్వు పుట్టిన పోన్ రోజున తప్ప కొత్త ఫ్రేముకి మంట పెట్టవు గదా. అయిదు రోజులకోసారి వచ్చే ఆ రోజు కోసం నువ్వు ఎదురుచూసేవాడివి, నేను భయపడేదాన్ని. పూటకి రెండు అతుకులు. గొట్టాలు చేర్చడం, ఇత్తడి కరిగించి పొయ్యడం, కూర్చోవడం, దగ్గడం. తర్వాత నాలుగు రోజులు మంచం.

ఆఖరి అతుకు చల్లారాక దారం కట్టావు. మంటని చూసి చూసి నీ కళ్ళు అప్పటికే మసక. ఇనుప స్కేలు నా చేతికిచ్చి, "తుమీరా, చదువు" అన్నావు.

నన్ను అంతవరకూ ఎవరూ చదవమని అడగలేదయ్యా. పెళ్ళి కార్డు వస్తే పక్కింటికి పట్టుకెళ్ళినదాన్ని. యాభై తొమ్మిదో ఏట గ్రామాఫీసు వరండాలో కూర్చుని అక్షరాలు దిద్దాను. గీతల లెక్క నువ్వే నేర్పావు, ఆ స్కేలు మీదే. పొడుగు గీత పది, మధ్య గీత అయిదు. ఇంత ఇనప ముక్కలో ఇంత సంగతి ఉందా అని నాకు ఎంత వింతగా ఉండేదో.

ఎడమ వైపు పెట్టి చూశాను. ఇరవై ఏడు.

కుడి వైపు పెట్టి చూశాను. ముప్పై మూడు.

నాదే తప్పనుకున్నాను. కొత్త చదువు గదా. మళ్ళీ పెట్టాను. ఇరవై ఏడు, ముప్పై మూడు.

నువ్వు గోడకి ఆనుకుని కూర్చున్నావు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఈల వేస్తోంది. "ఎంత?" అన్నావు.

నిజం చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు. పరాయివాళ్ళ బండి అయితే పట్టి వంచేసేవాడివి. మనవరాలి బండిని వంచవు. వెనక గొట్టాలు నాలుగూ కోసేసి, మళ్ళీ పోన్ రోజు కోసం చూసి, మళ్ళీ మంట వెలిగిస్తావు. ఆ మంట ముందు నువ్వు కూర్చుంటే మళ్ళీ లేస్తావని నాకు నమ్మకం లేదు.

"రెండు వైపులా ఒకటే" అన్నాను.

ఇదీ సంగతి. నువ్వు నేర్పిన చదువుతో నేను నీకు చదివి వినిపించింది అదొక్కటే. అదీ అబద్ధం చదివాను.

నువ్వు మంట ఆర్పాలని చదివాను. ఆర్పావు. ఆర్పి ఎన్నాళ్ళున్నావు? ముప్పై ఎనిమిది రోజులు. పోనీ నిజం చెప్పినా అంతే ఉండేవాడివేమో. పిల్లకి తిన్నని బండైనా దక్కేది. ఇది ఎవరినడిగితే తేలుతుంది?

ఇంకోటి కూడా ఉంది. నేను చదివాక నువ్వు బొటనవేలు పెట్టి చూశావు. దారానికీ గొట్టానికీ మధ్య, ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి. ఆ పక్క చాలాసేపు ఉంచావు. తర్వాత వేలు తీసి, "మంచిది" అన్నావు.

ఆ "మంచిది" ఏమిటయ్యా? నలభై ఏళ్ళు ఫ్రేములు తడిమిన వేలికి ఆరు గీతల తేడా తెలియదా? లేక ఆ వేళ్ళకీ మసక పట్టిందా? పదమూడు నెలలుగా వచ్చిన ప్రతిసారీ అడగాలనుకుని, గడ్డి పీకి వెళ్ళిపోతున్నాను.

ఇప్పుడు చెబితే, తాత చేసిన చివరి బండి వంకరని దానికి తెలుస్తుంది. చెప్పకపోతే, తన నడుమే వంకరనుకుంటూ కొండ దిగుతుంది. ఇదిగో, నీ దారం. పైగుడ్డ కొసన ముడి వేసుకుని తెచ్చాను. స్కేలు అట్ల బుట్టలో ఉంది. తెచ్చాను గానీ ఏం చెయ్యాలో తెలియదు.

అదిగో వస్తోంది. నీకు చెప్పి వెళ్తానంది. బండి నడిపించుకుంటూ వస్తోంది, చూడు. నేను చూస్తున్నానని కుంటకుండా నడవడానికి ఎంత తంటాలు పడుతోందో.

నువ్వు ఊరుకో. నేనే ఏదో ఒకటి అంటాను.

*

వెళ్ళిపోయింది.

నువ్వు విన్నావో లేదో. విన్నా సరే, నా నోటితో ఇంకోసారి చెప్పనీ, లేకపోతే ఇది జరిగిందని నాకే నమ్మకం కుదరదు.

దువా చేసింది, పూలు చల్లింది. "తాతా, రేపు నీ బండిని సముద్రం దగ్గరికి తీసుకెళ్తున్నా. నా మోకాలు కాస్త సహకరించేలా చూడు" అంది. ఆ మాటకి ఇక ఉండలేకపోయాను. ముడి విప్పి దారం దాని చేతిలో పెట్టాను.

"వెళ్ళేముందు ఒకసారి కొలవవే."

"తాత కొలిచాడు గదవ్వా."

"తాతకి కనపడలేదు. నేను చదివాను."

నా మొహం కేసి చూసింది. బండిని ఆ దేవగన్నేరు చెట్టుకి ఆనించి దారం కట్టింది. నీ ముడే వేసిందయ్యా, అచ్చం నీ ముడి. స్కేలు ఎడమ వైపు పెట్టి వంగి చూసింది. కుడి వైపు పెట్టి చూసింది. కుడి వైపు చాలాసేపు అలాగే వంగి ఉంది. దాని బొటనవేలి గోరు ఒక గీత మీద ఆగి ఉంది. నాకు రెండడుగుల దూరం, కళ్ళకి అద్దాలున్నాయి.

"ఎంతే?" అన్నాను.

దారం విప్పింది. వేళ్ళకి చుట్టింది. చుట్టడం మొత్తం అయ్యాక చెప్పింది.

"రెండు వైపులా ఒకటే అవ్వా."

నా వైపు చూడలేదు. నీ రాయి మీద ఆకొకటి పడి ఉంటే దాన్ని తీస్తూ అంది. తర్వాత, "ఇంటికి పోతూ గియోనో బాబాయి కొట్టు దగ్గర ఒక అరగంట ఆగుతాను. చైనుకి నూనె పెట్టించుకోవాలి" అంది.

చైనుకి నూనె నిన్న సాయంత్రమే పెట్టుకుంది. మెట్టు మీద, నా పక్కనే కూర్చుని.

ఏమయ్యా, ఆ రోజు నా గొంతు కూడా ఇలాగే ఉందా? ఇలాగే ఉంటే, ఇక నీ బొటనవేలి సంగతి నేను అడగక్కర్లేదు.

నేనేమన్నానంటావా? ఏమంటాను. దాని గోరు ముప్పై మూడు మీద ఉండటం చూశాను.

"మంచిదమ్మా" అన్నాను.