అతుకులో పోయిన నడక

అధ్యక్షస్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న పళ్ళ డాక్టరుగారికి, ఈ మేడగది తాళంచెవి ఇన్నేళ్ళుగా మనకే వదిలేసి కింద తన బైండింగు షాపులో జిగురు వాసన మధ్య కూర్చునే పెద్దాయనకు, ఆదివారం సాయంత్రం ఇంట్లోవాళ్ళ చేత తిట్లు తిని మరీ ఇక్కడికొచ్చి కళ్ళు మూసుకుని సంగీతం వినే మిత్రులకు, కళ్ళు మూసుకుని నిద్రపోయే మిత్రులకు కూడా (నవ్వులు), ముందు వరుసలో చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని 'త్వరగా ముగించండి' అన్నట్టు నావైపు చూస్తున్న మా ఇంటావిడకు, అందరికీ నమస్కారం.

నా వెనక గోడకు అంటించిన కాగితం మీద 'వీడ్కోలు' అని రాశారు. అక్షరాలు చక్కగా ఉన్నాయి. రంగుల కొట్టులో పనిచేసేవాణ్ణి కనుక ఆ ఎరుపు మంచి ఎరుపని కూడా చెప్పగలను. కానీ ప్రియులారా, మన కార్యదర్శి, గ్రంథాలయ గుమాస్తాగారికి నేను చెప్పింది వేరు. "ఇకమీదట రికార్డు అయిపోగానే లేచి మొదట మాట్లాడే పని నాకు వద్దండీ, ఓపిక లేదు" అన్నాను. మీరు దాన్ని సభ చేసి, పూలు తెచ్చి, మనిషినే సాగనంపేస్తున్నారు. మాట మానేస్తానంటే మనిషే పోతున్నాడనుకున్నారంటే తప్పు మీది కాదు. నేను నోరు మూసుకుని కూర్చోగా మీరెప్పుడు చూశారు గనక! (నవ్వులు)

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. మన పద్ధతి ఒకటే. ఒకరు రికార్డో క్యాసెట్టో తెస్తారు, అందరం వింటాం, ఆ తర్వాత ఎవరికి ఏమనిపించిందో చెప్పుకుంటాం. శాస్త్రం తెలిసినవాళ్ళు మనలో ఎవరూ లేరు. నాకైతే స్వరాల పేర్లు కూడా రావు. బళ్ళో నేర్చుకున్నది కొంచెం, మిగతాదంతా ఈ పుస్తకంలో వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే, ఊరూరా తిరిగి చెప్పిందీ ఇందులోదే. (చేతిలోని బైబిలు పైకెత్తి చూపారు) అందుకే వయొలిన్ విన్నా, పియానో విన్నా నాకు వాక్యమే వినిపించేది. బాకాలు మోగితే ఇందులోలాగే కోట గోడలు కూలుతున్నాయనుకునేవాణ్ణి. తంతివాద్యం మోగితే ఇందులోని మతి చెదిరిన రాజుగారికి కాస్త నెమ్మది కలిగిందనుకునేవాణ్ణి. లేచి నిలబడి, ఈ బల్లమీద గుద్ది అదే చెప్పేవాణ్ణి. ఒకసారి ఆ గుద్దుకు సూది ఎగిరి కొత్త రికార్డు మీద గీత పడితే, డాక్టరుగారు నాతో మాట్లాడడం మానేశారు. ఆయన దగ్గరే పన్ను పీకించుకోవలసి వచ్చి నేనే రాజీపడ్డాను. (నవ్వులు. అధ్యక్షులు కూడా.)

మన సంఘంలో అన్నింటికంటే ఎక్కువసార్లు విన్నది ఆ పాత క్యాసెట్టే. ఒంటరి వయొలిన్. ఎక్కడో పెద్ద హాల్లో, జనం ముందు వాయిస్తుండగా తీసిన రికార్డింగు. మొదలయ్యే ముందు ఎవరో దగ్గుతారు, ఆ దగ్గు కూడా మనకు చుట్టమైపోయింది. ముందు దుఃఖం. అడుగు తంతి మీద, బావిలోంచి వచ్చినట్టు. ఇక లేవదు, ఈ ప్రాణం ఇక్కడే ముగిసిపోతుంది అనుకుంటుండగా, చిటికె వేసినంతలో, అదే వయొలిన్ ఆకాశంలో ఉంటుంది! అక్కడ నేను చెయ్యి పైకెత్తేవాణ్ణి. "విన్నారా! నడుమ మెట్టు లేదు! వంతెన లేదు! అడుగున ఉన్నవాణ్ణి దేవుడు ఒక్క గంతులో పైకి తీసుకున్నాడు! దాని పేరే కృప!" అని గొంతు చించుకునేవాణ్ణి. మీలో కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ప్రతి వార్షికోత్సవానికీ 'అయ్యగారి గంతు' కావాలని అడిగేవాళ్ళు. ఇవాళ కూడా అడిగారు. ఆఖరిసారిగా అదొక్కటీ చెప్పి దిగిపొమ్మన్నారు.

చెప్పలేను. ఎందుకో వినండి, కాస్త ఓపిక పట్టండి, నాకే లేదు.

మా ఇంటావిడకు కిందటి వానాకాలంలో పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు, సగం నోరు. మీకు తెలుసు, అందరూ వచ్చి చూశారు. చూసి వెళ్ళినవాళ్ళకు తెలియనిది మర్నాడు. ఆ మర్నాడూ, దాని మర్నాడూ ఒకేలా ఉంటాయి. గుండీలు పెట్టాలి. మడమ పట్టుకుని పైకెత్తి దించాలి, మళ్ళీ ఎత్తి దించాలి. చెంచాతో పట్టింది పెదవి పక్కనుంచి కారితే తుడవాలి, తుడిచేటప్పుడు నా ముఖం మామూలుగా పెట్టుకోవాలి. కొట్టుకు వెళ్ళి రంగులు కలపాలి, వచ్చి మళ్ళీ మడమ పట్టుకోవాలి. ప్రార్థనకు మోకరిస్తే అక్కడే నిద్రపోతున్నాను ప్రియులారా. లోకాన్నంతా మేల్కోమని అరిచినవాణ్ణి, మంచంపట్టెకు నుదురు ఆనించి గురక పెడుతున్నాను. ఆవిడే మంచి చేత్తో పొడిచి లేపి, "ఆమెన్ అనేసి పడుకోండి" అంటుంది. (నవ్వులు)

అలాంటి ఒక సాయంత్రం మన కార్యదర్శిగారు పండ్లు పట్టుకుని వచ్చారు. మంచి మనిషి, నా మాటల్ని నాకంటే బాగా గుర్తుంచుకునే మనిషి. మా ఆవిడ పక్కన కూర్చుని, "అధైర్యపడకండమ్మా. అయ్యగారే చెప్పారుగా, నడుమ మెట్టు ఉండదని. ఒకరోజు పొద్దున్నే లేచి గంతేస్తారు చూడండి" అన్నారు. ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపు మీద ప్రసంగం చేసే శక్తి నాకు లేదు. టీ పెడతానని వంటగదిలోకి వెళ్ళి, ఆయన వెళ్ళిపోయేదాకా పొయ్యి ముందు నిలబడ్డాను. గుమాస్తాగారూ, మీమీద కోపం కాదు. నా మాటే నా ఇంటికొచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటే దాన్ని పొమ్మనలేకపోయాను. ఆ రోజు టీ ఇవ్వనందుకు మన్నించండి.



పోయిన వారం డాక్టరుగారు ఈ సభలో ఇవ్వవలసిన కానుకను ముందుగానే మా ఇంటికి తెచ్చిచ్చారు. మన క్యాసెట్టు అరిగిపోయిందని, పనిమీద వెళ్ళిన పరాయి ఊళ్ళో పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, అదే కచేరి అసలు రికార్డు, గీత పడనిది, సంపాదించారు. "గంతు చెప్పేముందు ఒకసారి శుభ్రంగా వినండి" అన్నారు. పెట్టాను. దగ్గు వచ్చింది. దుఃఖం వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి లేచింది.

గంతు రాలేదు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. వయొలిన్ ఇంకా అడుగునే ఉంది. కొంచెం ఎక్కింది, జారింది. మళ్ళీ ఎక్కింది, ఇందాకటంత కూడా ఎక్కలేక ఎక్కడో పట్టుకుని నిలబడింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదటినుంచి. సూది ఎక్కడో ఇరుక్కుందనుకుని లేచాను.

"ఎక్కడికి?" అంది ఆవిడ మంచం మీంచి.

"మిషను పాడైనట్టుందే."

"పాడవలేదు. దానికి టైం పడుతోంది, అంతే. కూర్చోండి."

"అది కాదే, ఇక్కడ గంతు ఉండాలి..."

"మీరు కాసేపు ఊరుకుంటారా?"

ఊరుకున్నాను. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ ఆ మాట అంటూనే ఉంది, నేను వినడం అదే మొదలు. (నవ్వులు) ఆ పాకడం ఎంతసేపు సాగిందో చెప్పలేను. విసుగేసింది. నిజంగానే విసుగేసింది, సంగీతం వింటూ విసుక్కోవడం నాకు కొత్త. ఆ తర్వాత ఆనందం వచ్చింది. మీరందరూ ఎరిగిన ఆనందమే. కాని అది ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆయాసపడుతూ వచ్చింది. గడప పట్టుకుని కాస్త ఆగి లోపలికొచ్చింది.

మర్నాడు క్యాసెట్టు పట్టుకుని, నాకు తమ్ముడిలాంటి మన రేడియో మెకానిక్ దుకాణానికి వెళ్ళాను. అదుగో, తలుపు పక్కన చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు. తల ఎత్తవయ్యా! (నవ్వులు) "ఇందులో మధ్యది ఏమైందయ్యా?" అన్నాను. వెంటనే చెప్పేశాడు, ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళూ కాచుకున్నట్టు.

"అప్పట్లో మిషను నమిలేసిందండీ. కొన్ని బారల టేపు ముద్దయిపోయింది. అంతమేరా కత్తిరించి అతికాను."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చానండీ. మీరు లేచి కృప అన్నారు. అప్పటికి మా నాన్న పోయి ఎన్నాళ్ళో కాలేదు. మా అమ్మ ఆ గంతు విని, ఇంటికెళ్ళి, ఆ రోజు కడుపునిండా తింది. నేను లేచి, కాదండీ, అది నా కత్తెర, అని ఎలా అనను?"

నాకు కోపం రావాలి. రాలేదు. స్టూళ్ళ మీద కూర్చుని ఇద్దరం నవ్వాం. నవ్వీ నవ్వీ నాకు ఎక్కిళ్ళు వచ్చాయి. కాసేపటికి అవి ఎక్కిళ్ళు కావని అతనికి అర్థమై, లేచి రేడియో పెద్దగా పెట్టాడు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తెరిచాను. దగ్గరున్నవాళ్ళు చూడండి. బానిసత్వం నుంచి పారిపోతున్న జనం కోసం సముద్రం పాయలైన పేజీ ఇది. నా వేళ్ళు తగిలి తగిలి అంచులు నల్లబడి గుడ్డలా మెత్తబడింది, కింద పెద్దాయన దీన్ని చాలాసార్లు అతికారు. ఆ తర్వాతి పేజీలు ఇవి. ఆ జనమే ఎడారిలో గుడారాలు పీకి, నడిచి, మళ్ళీ వేసుకుని, సణుక్కుని, తిరిగి పీకి నడిచిన పేజీలు. కొత్తగా ఉన్నాయి. కొన్ని ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. సముద్రం దాటడం ఒక్క రాత్రి పని, నడవడానికి ఒక తరం పట్టింది. నేను ఆ రాత్రినే ఊరూరా చాటాను. కత్తెర ఒక్క మెకానిక్ దగ్గరే లేదు ప్రియులారా.

కృప లేదనడం లేదు. నాకంత ధైర్యమూ లేదు, అలా అనిపించనూ లేదు. ఆ తల్లి ఆ రోజు అన్నం తిన్నది నిజం. దాన్ని కాదనడానికి నేనెవణ్ణి? అది వేరే చోట కూడా ఉందేమో, నేను చెయ్యి ఎత్తి చూపించని చోట ఉందేమో, అంతవరకే అంటున్నాను. అదీ గట్టిగా అనను. గట్టిగా అనీ అనీ అలిసిపోయాను. మీకో సంగతి తెలుసా, నేను ఇక్కడ ఏ రికార్డూ చివరిదాకా వినలేదు. సగంలోనే నా వాక్యం తయారైపోయేది. మిగతా సగం, దాన్ని మర్చిపోకుండా పట్టుకోవడానికే సరిపోయేది.

ఈ సభ ఆలస్యంగా మొదలైనందుకు అధ్యక్షులు మీకు క్షమాపణ చెప్పారు. ఆ ఆలస్యం మాది. ఈ మేడమెట్లు మీరు ఎరుగుదురు, ఇరుకు, మలుపు దగ్గర దీపం లేదు. మెకానిక్ తమ్ముడు కుర్చీ తెచ్చి, వదినగారిని కూర్చోబెట్టి మోసుకొస్తామన్నాడు. "ఎత్తితే ఇంటికి పోతా" అంది. కర్ర, గోడ, నా భుజం. మంచి కాలు ముందు, రెండో కాలు దాని వెనక. మలుపు దగ్గర కూర్చుండిపోయింది. ఒక మెట్టు కింద నేను నిలబడ్డాను. పైన మీ కుర్చీల చప్పుడు, "ఇంకా రాలేదా?" అన్న మాటలు వినిపిస్తున్నాయి. నా నాలుక మీదికి ఒక వాక్యం వచ్చింది. మింగేశాను. చీకట్లో ఆవిడ ఊపిరి ఒక్కటే వింటూ నిలబడ్డాను. కాసేపటికి లేచింది.

అందుకని ఇవాళ గంతు లేదు. డాక్టరుగారి రికార్డు ఆ మిషను మీద ఉంది, మొత్తం విందాం. మధ్యలో పాడైందనిపిస్తే ఎవరూ లేవకండి. అయిపోయాక, ఈ ఒక్కరోజుకి, ఎవరికి ఏమనిపించిందో ఎవరూ చెప్పకండి. అనిపించిందాన్ని అలాగే ఇంటికి తీసుకుపోండి. వచ్చేవారం నుంచి గుమాస్తాగారు మొదట మాట్లాడితే నాకు సంతోషం, ఆయనకు అనిపించింది ఆయన చెప్పాలి. నాకు మాత్రం ఆ చేతికర్ర పక్కన ఒక కుర్చీ ఉంచండి, ప్రతి ఆదివారం వస్తాం. మెట్ల దగ్గర ఆలస్యమవుతుంది, మాకోసం ఆగకండి. ఒకవేళ ఆగాలనిపిస్తే ఆ మలుపులో ఒక దీపం పెట్టించండి.

గది ఇచ్చినవారికి, రికార్డు వెతికినవారికి, టేపు అతికినవారికి, నా అరుపులు ఇన్నేళ్ళు భరించిన మీకు, గోడ పట్టుకుని ఇక్కడిదాకా వచ్చినావిడకు నా కృతజ్ఞతలు. నేను ఎక్కడికీ పోవడం లేదు. తమ్ముడూ, సూది దించు.

నా మాటకు సెలవు.